ముందు పిల్లల పాదాలు చూడు

చిరంజీవి బిడ్డకు,

పెద్దతాత దీవించి రాస్తున్నది.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బెంగళూరు నౌకరీ వదిలేసి నిజామాబాద్ వచ్చేస్తావట. ఎండాకాలం సెలవుల్లో బడి గ్రౌండులో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ క్యాంపు పెడతావట. కోచింగ్‌లో డి లైసెన్స్ కూడా తీసుకున్నావట. చెబుతూ చెబుతూ ఒకసారి ఏడ్చింది, ఒకసారి నవ్వింది. నా సంగతీ అట్లాగే ఉంది. మన ఇంటిల్లిపాదిలో మెడలో ఈల వేసుకుని బతికినవాణ్ణి నేనొక్కణ్ణే. మా కాలంలో పిల్లవాడు డ్రిల్లు మాస్టారని పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి మావాళ్లు మొహమాటపడ్డారు. ఇప్పుడు నా తమ్ముడి మనవరాలు కోరి కోరి అదే ఈల పట్టుకుంటానంటే సంబరం కాక ఏముంటుంది? కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే తాతా, సరే తాతా" అంటూ పక్కన ల్యాప్‌టాప్ నొక్కుకుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

రాజీనామా ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఇవ్వకు. ఆ మాట తర్వాత మాట్లాడతా.

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తాను. హెడ్మాస్టరు దగ్గర అనుమతి కాగితం మీద తీసుకో, నోటిమాట నమ్మకు. ప్రతి పిల్ల ఇంటి ఫోన్ నంబరు రాసుకో. తాగే నీళ్లు డ్రమ్ము నిండా ఉంచు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెకు తాళం వేసి ఆఫీసు గదిలో పెట్టకు, గ్రౌండులోనే ఉండాలి. ఇవన్నీ నీకు కోర్సులో చెప్పే ఉంటారు.

చెప్పి ఉండరని నాకు అనుమానం ఉన్నది ఒకటుంది. మొదటి రోజు బంతి బయటికి తీయకు. పిల్లలందరినీ గట్టు మీద వరుసగా కూర్చోబెట్టి పాదాలు చూడు. సిగ్గుపడతారు, వెనక్కి లాక్కుంటారు, నవ్వుకుంటారు. అయినా చూడు. మడమల పగుళ్లు, లోపలే విరిగి ఉండిపోయిన తుమ్మముల్లు, వేళ్ల సందుల్లో ఒరుపు, చెప్పు కరిచిన పుండు, మాంసంలోకి దిగిన గోరు. ఎవరి పాదం చదునుగా ఉందో, ఎవరు ఒక కాలి మీదే బరువేసి నిలబడతారో రాసుకో. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో ఇంట్లో అడిగి రమ్మను. గుర్తు లేదంటే పీహెచ్‌సీకి తీసుకుపోయి వేయించు. ఆ పని అయ్యాకే బంతి.

ముసలాడి చాదస్తం అనుకో, పర్వాలేదు. మా బస్తీలో ఒక లెఫ్ట్ ఔట్, అంటే ఎడమ అంచున ఆడేవాడు, ఉండేవాడు, నాకన్నా రెండేళ్లు పెద్ద. వాడు లైను పట్టుకుని పరుగెడితే పెద్దవాళ్లు కూడా సైకిళ్లు ఆపి చూసేవారు. అందరం ఉత్తకాళ్లతో ఆడేవాళ్లమే, కానీ వాడివి మరీ గట్టి కాళ్లు. కంకర మీద పరుగెత్తినా చలించేవాడు కాదు. "వాడి కాళ్లు కాళ్లు కావురా, ఇనుము" అని మురిసిపోయేవాళ్లం. ఒక సాయంత్రం ఎద్దుబండి నుంచి ఊడిపడ్డ తుప్పుమేకు దిగింది. వాడే పీకి పారేసి ఆట పూర్తి చేశాడు. ఇంట్లో పసుపు అద్దారు. మూడోనాడు మళ్లీ ఆడాడు. అందరం భుజం తట్టాం. తర్వాత ఒక పొద్దున దవడ బిగుసుకుపోయింది, నోరు తెరవలేకపోయాడు. దవాఖానకు తీసుకుపోయారు. వాడు మళ్లీ మా బస్తీకి రాలేదు. తర్వాత ఎన్నేళ్లు పంతులుగా పనిచేసినా, పిల్లవాడు గ్రౌండులోకి వస్తే నా చూపు మొదట కాళ్ల మీదికే పోయేది. ముఖాలు నాకు ఆలస్యంగా గుర్తుండేవి.

ఇప్పుడు హెల్సింకీ గురించి చెప్పాలి. "తాత మళ్లీ మొదలుపెట్టాడు" అంటావు. అనుకో, కానీ చదువు. నువ్వు చేయబోయే పనికి ఇంతకన్నా పనికొచ్చే కథ నా దగ్గర లేదు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. మన ఒక్క గోలూ ఆట ముగియబోతుండగా అహ్మద్ ఖాన్ వేశాడు. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. అక్కడ చలి, తడిసిన గడ్డి. మన పాదాలేమో ఎండిన నేలకు అలవాటుపడ్డవి. ఎదుటివాళ్లు సామాన్యులు కారులే, ఆ ఒలింపిక్స్‌లో వెండి పతకం పట్టుకుపోయినవాళ్లు. బూట్లు వేసుకున్నా బహుశా ఓడేవాళ్లమే. కానీ పది గోల్సా?

నా కోపం ఓటమి మీద కాదు. అది చెప్పకుండా వచ్చిపడ్డ ఓటమి కాదు, అదీ నా బాధ. 1911లో కలకత్తాలో మోహన్ బగాన్ ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1తో ఓడించింది. జట్టులో ఒక్కడు తప్ప అందరూ ఉత్తకాళ్లే. దొరల బూట్లను మన పాదాలు ఓడించాయని దేశమంతా పొంగిపోయింది. ఆ రోజుల్లో అది న్యాయమైన సంబరమే, కాదనను. కానీ బీదతనం వల్ల వచ్చిన అలవాటుకు ఆనాటి నుంచి పౌరుషం అని పేరు పెట్టుకున్నాం. చూసి నేర్చుకునే అవకాశం ఇంట్లోనే ఉంది. 1934 నుంచి 1938 దాకా వరుసగా ఐదేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు, వానపడి మైదానం జారితే బూట్లు తొడుక్కుని దిగేది. ఆ ఐదు కప్పుల్లో బూట్ల వాటా ఎంతో ఎవరైనా లెక్క వేశారా? వేయలేదు.

1948 లండన్‌లో ఫ్రాన్స్‌తో ఆడాం. రెండు పెనాల్టీలు దొరికాయి, రెండూ పోయాయి. సారంగపాణి రామన్ గోల్ వేసి సమం చేశాడు. ఆఖరి నిమిషాల్లో ఫ్రాన్స్ ఇంకొకటి వేసి 2–1తో గెలిచింది. అప్పుడూ జట్టులో ఎక్కువమందివి ఉత్తకాళ్లే. చూసినవాళ్లు అబ్బురపడి చప్పట్లు కొట్టారు. కెప్టెన్ టి. ఆవ్, వైద్యం చదువుకుంటున్న నాగా కుర్రాడు, "మేం ఆడేది ఫుట్‌బాల్, మీరు ఆడేది బూట్‌బాల్" అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చురుకైన జవాబే. కానీ ఆ చప్పట్లే మన కొంప ముంచాయంటాను నేను. చేతికందిన మ్యాచ్ పోయిందన్న సంగతి మరిచి, ఉత్తకాళ్లతో ఎంత బాగా ఆడామో అన్నదే పట్టుకు వేలాడాం. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకం కూడా గెలిచేసరికి ఇక చెప్పేవాడెవడు, వినేవాడెవడు?

(బూట్లు లేకే 1950లో బ్రెజిల్ ప్రపంచకప్‌కు పోలేదని నీకు వాట్సాప్‌లో వస్తూ ఉంటుంది. అది పూర్తి నిజం కాదు. అప్పటి పెద్దలకు ప్రపంచకప్ విలువ తెలియలేదు, ఒలింపిక్సే అన్నిటికన్నా గొప్ప అనుకున్నారు. బూట్ల కథ తర్వాత సాకుగా పనికొచ్చింది.)

హెల్సింకీ జట్టుకు కోచ్ ఎవరో తెలుసా? మన సయ్యద్ అబ్దుల్ రహీం సాబే. ఆయన పేరెత్తితే అందరూ గెలుపులే చెబుతారు. నేను నీకు ఈ ఓటమే చెబుతాను, ఎందుకంటే ఆయన గొప్పతనం దాని తర్వాత చేసిన పనిలో ఉంది. ఆ దెబ్బతో మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. చేస్తే సరిపోతుందా? చిన్నప్పటి నుంచి వేళ్లతో బంతిని తడిమి ఆడినవాడికి తోలుబూటు తొడిగితే సొంత కాలే పరాయిదైపోతుంది. బంతి ఎక్కడ తగిలిందో తెలియదు. ఆ బూట్లూ ఇప్పటివాటిలా కావు. బరువు, అడుగున మేకులతో దిగ్గొట్టిన తోలు గుబ్బలు. తాళ్లు బిగించిన తోలుబంతి వానలో తడిస్తే రాయిలా బరువెక్కేది. వీటన్నిటితో ఆట మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. బంతి ఒకే స్పర్శలో పక్కవాడికి అందాలన్నది రహీం సాబ్ పట్టుదల.

నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్. హంగరీ రాకపోవడంతో మొదటి రౌండు ఆడకుండానే దాటాం. తర్వాత ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో కొట్టాం, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. సెమీఫైనల్లో ఎదురుగా ఎవరనుకున్నావు? మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది! నెవిల్‌దే. తర్వాత వాళ్లు నాలుగు వేశారు, ఓడాం. కంచు పతకం కోసం బల్గేరియాతో ఆడి 3–0తో అదీ పోగొట్టుకున్నాం. నాలుగో స్థానం. ఆ జట్టులో మన హైదరాబాద్ వాళ్లు అజీజుద్దీన్, నూర్, జుల్ఫికర్, బలరాం ఉన్నారు. అప్పుడు నేను పన్నెండేళ్ల వాణ్ణి. మా గల్లీలో ఇరానీ హోటల్ ముందు పేపర్ చదివి వినిపించేవాడి చుట్టూ మూగి, ఆ పేర్లు వస్తే చాలు, మాకే పతకం వచ్చినట్టు అరిచేవాళ్లం.

అందుకే చెబుతున్నా. మీ బడి గ్రౌండు మొరం నేల, చుట్టూ పల్లేరుకాయలు. పిల్లలు ఉత్తకాళ్లతో పరుగెత్తుతారు, బాగానే పరుగెత్తుతారు. నీకు ముచ్చటేస్తుంది, ఫోన్‌లో వీడియో తీసి పెట్టాలనిపిస్తుంది. పెట్టావో, చెవి మెలేస్తాను. ఓర్చుకోవడాన్ని మెచ్చుకుంటే పిల్లలు దెబ్బ దాచిపెట్టడం నేర్చుకుంటారు.

బూట్ల విషయంలో ఇంకో సంగతి. పెద్ద పెద్ద స్టడ్స్ ఉన్నవి కొనకు. గట్టి మొరం మీద అవి దిగవు, కాలు ఒక పక్క, మోకాలు ఒక పక్క తిరుగుతాయి. అడుగున చిన్న చిన్న రబ్బరు గుబ్బలున్నవి చాలు. అవీ దొరక్కపోతే రబ్బరు సోలు కాన్వాస్ బూట్లు. సైజు దగ్గర తల్లులతో గట్టిగా ఉండు. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఒక నంబరు పెద్దవి కొంటారు. లోపల పాదం జారి బొబ్బలెక్కుతుంది, మడమ మెలికపడుతుంది. మేజోళ్లు లేకుండా బూట్లు వేసుకోనివ్వకు. ముఖ్యంగా, కొందరికి బూట్లుండి కొందరికి లేకపోతే క్యాంపు మొదలుపెట్టకు. లేని పిల్ల నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు కడుపునొప్పి అని మానేస్తుంది.

ఆట నేర్పడం గురించి నీకు నాకన్నా కొత్త విషయాలు తెలుసు. నేను పాతవి రెండే చెబుతా, రెండూ రహీం సాబ్‌వే.

ఆయన బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుని, హైదరాబాద్ బళ్లలో పాఠాలు చెప్పి, 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి నుంచి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. అయినా ఆయన చిన్నపిల్లల ఆటను మరవలేదు. పిల్లలకు చేతకాని కాలితోనే ఆడే పోటీలు పెట్టించేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి, కుడికాలు తగిలితే ఫౌల్. అట్లాంటిది ఒకటి నేనూ ఆడాను. మొదటి అర్ధభాగం అంతా మేం ఇరవై రెండు మందిమీ తాగినవాళ్లలా తూలాం, చూసేవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. కానీ ఆ రోజు మామూలుగా గెలిచే మొనగాళ్లూ, ఎవరూ ఎంచుకోని అర్భకులూ ఒకే మెట్టు మీద నిలబడ్డారు. నీ క్యాంపులో వారానికి ఒకరోజు ఇది పెట్టు. బిడియపడే పిల్లలు ఆ రోజే నోరు విప్పుతారు, చూస్తుండు.

రెండోది, డ్రిబ్లింగ్ లేని ఆట. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి, ఇద్దరిని దాటించి చప్పట్లు కొట్టించుకోవడం కుదరదు. ప్రతి బడిలోనూ ఒక చిచ్చరపిడుగు ఉంటుంది, బంతి తీసుకుంటే ఎవరికీ ఇవ్వదు. దాన్ని తిట్టకు. ఈ ఆట ఆడించు, అదే దారికొస్తుంది. కానీ రోజూ ఆడిస్తే పిల్లకున్న చేవ చచ్చిపోతుంది. మిగతా రోజుల్లో దాన్ని దాని మానాన వదిలెయ్.

ఇంకో మాట రాయాలా వద్దా అని పెన్ను పక్కన పెట్టి, చాయ్ తాగి మళ్లీ తీశాను. పైన నేను చెప్పిన పేర్లలో ఆడపిల్ల ఒక్కతీ లేదు చూశావా? అదే హెల్సింకీకి మన దేశం నుంచి నీలిమా ఘోష్, మేరీ డిసౌజా పరుగు పందేలకు వెళ్లారు. ఆరతీ సాహా పదకొండేళ్ల పిల్ల, ఈతకు వెళ్లింది. ఏడేళ్లకు, 1959లో, ఇంగ్లిష్ ఛానల్ ఈదిన మొదటి ఆసియా మహిళ ఆ పిల్లే. మా గల్లీలో పేపర్ చదివేవాడు ఆ పేర్లు చదివేవాడు కాదు. మేమూ అడగలేదు.

ఆడపిల్లలకు నేర్పేటప్పుడు నాకు తెలిసిన మొదటి నిజం ఇది: గ్రౌండు పక్కన గడియపడే తలుపు, నీళ్లున్న బాత్‌రూమ్ లేకపోతే ఏడో తరగతి దాటిన పిల్లలు రారు. ఎందుకు రాలేదో చెప్పరు. నువ్వు బంతులకు పెట్టే డబ్బులోంచి ముందు దానికి తీయి. నెలసరి రోజుల్లో కూర్చుంటానంటే కూర్చోనివ్వు, ఆడతానంటే ఆడనివ్వు, అందరిముందు కారణం అడగకు. నిక్కర్లు వద్దనే తండ్రులుంటారు. ట్రాక్ ప్యాంట్‌తో మొదలుపెట్టు, మొదటి వారమే దాని మీద గొడవపడితే పిల్ల గుమ్మం దాటదు. వాళ్లతో మాట్లాడేటప్పుడు సిద్ధాంతాలు చెప్పకు. మీ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా జెర్సీ వేసుకుని ఆడుతోందని చెప్పు, ఫోటో చూపించు. నిఖత్ జరీన్ పేరు వాళ్లకు నువ్వు చెప్పక్కర్లేదు.

తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలో కోర్సులో నేర్పే ఉంటారు. అయినా నా భయం నాది. 1962 జకార్తా ఆసియా క్రీడల కథ విన్నావు కదా. మొదటి మ్యాచ్‌లో కొరియా చేతిలో 2–0తో ఓడిన జట్టు, ఫైనల్లో అదే కొరియాను 2–1తో ఓడించి బంగారం తెచ్చింది. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి వేశారు. జర్నైల్ అసలు వెనక కాపలా కాసేవాడు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అట్లాంటివాణ్ణి రహీం సాబ్ సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీస్‌లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి లేచివచ్చి ఫైనల్ ఆడాడు. రహీం సాబ్‌కు అప్పటికే లోపల జబ్బు ముదిరింది. మరుసటి ఏడాది జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు. సిగరెట్టు విడవని మనిషి. యాభై నాలుగేళ్లు కూడా నిండలేదు.

ఈ కథ చెబితే ఇప్పటికీ నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ నీ పిల్లలకు దీన్ని స్ఫూర్తి కథగా చెప్పకు. నీ క్యాంపులో ఏ పిల్ల తలకైనా దెబ్బ తగిలితే, నవ్వుతూ లేచినా సరే, ఆ రోజుకు బయట కూర్చోబెట్టు, ఇంటికి ఫోన్ చెయ్, డాక్టరుకు చూపించు. "నేను ఆడతా మేడమ్" అని ఏడుస్తుంది. ఏడవనీ. నువ్వు కుట్లతో ఆసియా బంగారం గెలవబోవడం లేదు, ఆ పిల్ల జూన్‌లో బడికి పోయి లెక్కలు చేయాలి.

ఇక రాజీనామా.

సిటీ పోలీస్ జట్టు అంత కాలం ఎట్లా నిలిచిందంటే అందరూ రహీం సాబ్ పేరే చెబుతారు. సగమే నిజం. మిగతా సగం నెల జీతం. ఆటగాడికి యూనిఫాం ఉంది, ఒకటో తారీఖు ఉంది. ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధైర్యంతో పొద్దున్నే ప్రాక్టీసుకు వచ్చేవాడు. అమ్ముగూడ నుంచి వచ్చే తులసీదాస్ బలరాంకు దారిఖర్చుకు కూడా డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చారని పాత ఆటగాళ్లు చెప్పుకునేవారు. ఆ పిల్లవాడే రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ రమ్మంది, పోయాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్ కూడా అటే పోయారు. వాళ్లను తప్పుపట్టను. ఇక్కడ వాళ్లకు సరిపడా బతుకు చూపించలేనివాళ్లం మనం. 1965–66లో ఆంధ్రప్రదేశ్, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు మన వైపు మళ్లీ రాలేదు.

బలరాం ఆరోగ్యం చెడి 1963లోనే ఆట మానేశాడు, ఇరవై ఏడేళ్లు నిండకముందే. మన సికింద్రాబాద్ వాడు, చివరి రోజులు బెంగాల్లోనే గడిపి 2023లో అక్కడే కన్నుమూశాడు. ఆ వార్త చదివిన రోజు మీ పెద్దమ్మమ్మ నన్ను అన్నానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

అందుకే రెండు లెక్కలు వేసుకో. ఒకటి, పిల్లల బస్సు చార్జీలు. క్యాంపు ఉచితం అని బోర్డు పెట్టినంత మాత్రాన ఉచితం కాదు. రోజుకు రాను ముప్పై, పోను ముప్పై అయితే కూలిపని చేసే ఇంట్లో అదే పెద్ద ఖర్చు. దాచుకుని, ఇంకెవరికీ తెలియకుండా ఇవ్వు. రెండు, నీ బతుకు. ఎండాకాలం క్యాంపుకు రాజీనామా ఎందుకే పిచ్చిదానా? రెండు నెలలు సెలవు అడుగు, జీతం లేకపోయినా సరే. ఇంటి నుంచి పనిచేసే వీలుంటే పొద్దున గ్రౌండు, పగలు ల్యాప్‌టాప్. జూన్‌లో బళ్లు తెరిచాక ఎంతమంది పిల్లలు మిగులుతారో చూడు. సగం మిగిలినా, ఏ బడైనా నిన్ను జీతం ఇచ్చి పెట్టుకుంటానన్నా, అప్పుడు రాజీనామా ఇవ్వు. మీ నాన్నతో నేనే మాట్లాడతా. నువ్వు అన్నం మానేసి ఆట నేర్పితే పిల్లలు నిన్ను త్యాగమూర్తి అంటారు, తర్వాత ఏడాది నువ్వు కనబడవు. నాకు త్యాగమూర్తి వద్దు. పదేళ్ల తర్వాత కూడా ఆ గ్రౌండులో ఈల వినబడాలి.

కోప్పడ్డానని అనుకోకు. మీ తాత, అదే నా తమ్ముడు, ఉండి ఉంటే నాకన్నా ముందు బస్సెక్కేవాడు. వాడు గోల్‌కీపర్. ఒక్క చెయ్యే సరిగ్గా లేచేది, అయినా గోల్‌లో నిలబడతానని మొండికేసేవాడు. నువ్వు చిన్నప్పుడు చెప్పులు విసిరేసి గేటు దగ్గర బంతి ఆపుతుంటే వాడు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. నీకు చెప్పలేదు.

పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టు, ఎనిమిదికల్లా ముగించు. నిజామాబాద్ ఎండ నీకు బెంగళూరులో మరపుకొచ్చి ఉంటుంది. ఆట అయ్యాక ఒక అరటిపండు, గుప్పెడు వేరుసెనగలు. రోజూ పడుకునే ముందు నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయి, ఎవరు రాలేదు, ఎవరు కుంటుతూ నడిచారు.

బూట్ల ఖర్చు నా పింఛన్‌లోంచి, ఇందులో వాదన లేదు. పాత పేపరు మీద ఒక్కో పిల్లను నిలబెట్టి, పెన్సిల్‌తో రెండు పాదాల చుట్టూ గీసి పంపు. రెండూ గీయాలి, ఒక కాలు ఇంకోదానికన్నా పెద్దగా ఉన్నవాళ్లుంటారు. పేరు, వయసు పక్కన రాయి. సుల్తాన్ బజార్‌లో నాకు తెలిసిన కొట్టు ఉంది, అరువు కూడా ఇస్తాడు. బూట్లు తీసుకుని నేనే వస్తాను. స్టేషన్‌కు ఎవరినీ పంపకు, ఆటో మాట్లాడుకుంటా. మోకాళ్ల నొప్పి సంగతి మీ అమ్మకు చెప్పకు.

ఇట్లు,
నీ పెద్దతాత
సికింద్రాబాద్